చదువురాని చేతులు నిలబెట్టిన మఠం

ఇంగ్లండ్‌ ఉత్తరాన యార్క్‌షైర్‌లో ఒక సన్నని లోయ. అందులో ఆకాశమే కప్పుగా మిగిలిన చర్చి, 160 అడుగుల గంటల గోపురం, మూడు వందల అడుగుల గోదాము. పదమూడుమంది సన్యాసులు చెట్టు కింద మొదలుపెట్టి, నాలుగు వందల ఏళ్లు వెలిగి, ఒక్క సంతకంతో మూతపడిన ఫౌంటెన్స్‌ అబే కథ ఇది. దాన్ని మోసిన పేరులేని మనుషుల కథ కూడా.

ఫౌంటెన్స్‌ అబేకి వెళ్తే చూపు ముందుగా గంటల గోపురం మీద పడుతుంది. తర్వాత చర్చి. దాని పైకప్పు ఎప్పుడో పోయింది. ప్రార్థనలు జరిగిన చోట ఇప్పుడు పచ్చిక మొలిచింది. ఈ రెండూ అందమైనవే. కానీ ఈ మఠం ఎలా బతికిందో తెలియాలంటే చర్చికి ఆనుకుని పడమటి వైపున్న పొడవాటి కట్టడంలోకి వెళ్లాలి.

లోపల అడుగుపెడితే చల్లదనం, మసక వెలుతురు. కళ్లు కాస్త అలవాటుపడ్డాక నడిమధ్యన ఒకే వరసలో నిలబడ్డ రాతి స్తంభాలు కనిపిస్తాయి. వాటి తలల మీద పువ్వు లేదు, ఆకు లేదు, బొమ్మ లేదు. స్తంభంలోంచే నేరుగా రాతి కాడలు లేచి, తాటిచెట్టు మట్టలు విప్పినట్టు నలువైపులా విచ్చుకుని, కప్పును మోస్తాయి. ఆ కాడల కింద మూడు వందల అడుగులు నడవవచ్చు. మఠం మొత్తంలో కప్పు చెక్కుచెదరకుండా నిలిచిన పెద్ద కట్టడం ఇదే.

ఒకప్పుడు దీన్ని అడ్డుగోడలతో గదులు చేసుకుని సరుకు నిల్వ పెట్టేవారు. దక్షిణం కొసన భోజనశాల ఉండేది. పై అంతస్తంతా ఒకే పడకగది. అక్కడ తిన్నవాళ్లకు, అక్కడ పడుకున్నవాళ్లకు చదువు రాదు. నేర్చుకోకూడదని మఠం నియమమే కట్టడి చేసింది. ఇంగ్లండ్‌లోని సిస్టర్షియన్‌ మఠాలన్నిటిలోకీ సంపన్నమైనదిగా ఫౌంటెన్స్‌ను నిలబెట్టింది మాత్రం వాళ్ల చేతులే.

యార్క్‌లో మొదలైన గొడవ

సిస్టర్షియన్ల మూలం ఫ్రాన్స్‌లో ఉంది. 1098లో మోలెమ్‌ మఠాధిపతి రాబర్ట్‌, మరో ఇరవైమంది సన్యాసులు బర్గండీ ప్రాంతంలోని సీటో అనే చిత్తడి అడవికి తరలిపోయారు. ఆరో శతాబ్దంలో సెయింట్‌ బెనెడిక్ట్‌ రాసిన మఠ నియమావళిని అక్షరాలా పాటించాలన్నది వాళ్ల పట్టుదల. ఆనాటి పెద్ద మఠాలకు పన్నులు, అద్దెలు, కానుకలు వచ్చిపడేవి. సన్యాసులు గంటల తరబడి సాగే ఆడంబరమైన ఆరాధనల్లో మునిగి, ఒళ్లు వంచి పనిచేయడం దాదాపు మానేశారు. సీటోకి వెళ్లినవాళ్లు ఆ దారి వద్దనుకున్నారు. రంగు వేయని ఉన్ని అంగీ తొడుక్కున్నారు. అందుకే జనం వీళ్లను తెల్ల సన్యాసులన్నారు. సొంత చెమటతో పండించుకున్నదే తినాలన్నారు. చర్చిలో బంగారం, రంగుటద్దాలు, శిల్పాలు అక్కర్లేదన్నారు.

1113 ప్రాంతంలో బెర్నార్డు అనే యువకుడు సుమారు ముప్పైమంది బంధుమిత్రులను వెంటబెట్టుకుని సీటోలో చేరాడు. రెండేళ్లకే క్లేర్‌వో మఠానికి అధిపతి అయ్యాడు. ఆయన మాటకు రాజులూ పోపులూ చెవి ఒగ్గిన రోజులవి. 1132లో క్లేర్‌వో నుంచి వచ్చిన సన్యాసులు యార్క్‌షైర్‌లో రీవో మఠాన్ని స్థాపించారు.

యార్క్‌ నగరంలోని సెయింట్‌ మేరీస్‌ మఠం అప్పటికే సిరిసంపదలతో తులతూగుతోంది. రీవో వాళ్ల కఠిన జీవితాన్ని చూసి అక్కడి కొందరిలో అలజడి మొదలైంది. మనమూ నియమాన్ని సరిగా పాటిద్దామని ఉపాధిపతి రిచర్డ్‌ నాయకత్వంలో అడిగారు. మఠాధిపతి ఒప్పుకోలేదు. అక్టోబరులో విచారణకు వచ్చిన ఆర్చిబిషప్‌ థర్‌స్టన్‌ను మిగతా సన్యాసులు అడ్డుకున్నారు. తోపులాట జరిగింది. ఆర్చిబిషప్‌ సంస్కరణ కోరినవాళ్లను తన వెంట తీసుకుని బయటపడ్డాడు. ఆ ఏడాది క్రిస్మస్‌ వెళ్లగానే రిపన్‌ పట్టణానికి ఐదారు కిలోమీటర్ల దూరంలో స్కెల్‌ నది పారే లోయలో వాళ్లకు కొంత భూమి ఇచ్చాడు. అక్కడ దిగినవాళ్లు పదమూడుమంది.

నిలువనీడ లేదు. తినడానికి గింజ లేదు. నడిచలికాలం. ఒక పెద్ద ఎల్మ్‌ చెట్టు కింద చుట్టూ గడ్డి కప్పుకుని తలదాచుకున్నారని మఠం తొలి చరిత్ర చెబుతుంది. సెర్లో అనే ముదుసలి సన్యాసి జ్ఞాపకాల ఆధారంగా పదమూడో శతాబ్దం మొదట్లో రాసిన గ్రంథమది. కరువు రోజుల్లో ఆ చెట్టు ఆకులే ఉడకబెట్టుకుని తిన్నారట. ఒకరోజు వాకిట్లోకి యాచకుడు వచ్చాడు. మఠంలో ఉన్నవి రెండున్నర రొట్టెలు. వాటిలో ఒకటి అతనికి ఇప్పించాడు కొత్త మఠానికి అధిపతి అయిన రిచర్డ్‌. కాసేపటికి నేర్స్‌బరో కోట ప్రభువు పంపిన రొట్టెల బండి వచ్చి ఆగిందని ఆ గ్రంథం చెబుతుంది. అలాంటి సంఘటనలను మఠాలు భక్తితో చెప్పుకోవడం సహజమే. అయినా మొదటి రెండేళ్ల ఆకలి మాత్రం నిజం.

దిక్కుతోచక బెర్నార్డుకు లేఖ రాశారు. ఆయన క్లేర్‌వో నుంచి జెఫ్రీ అనే అనుభవజ్ఞుణ్ణి పంపాడు. ఎలా ప్రార్థించాలి, ఎలా పాడాలి, ఎలా కట్టాలి, ఎలా పని పంచుకోవాలి... అన్నీ ఆ పెద్దాయన దగ్గరే నేర్చుకున్నారు. అయినా రోజులు గడవలేదు. ఫ్రాన్స్‌ వెళ్లిపోదామని దాదాపు నిర్ణయించుకున్న దశలో యార్క్‌ కెథడ్రల్‌ డీన్‌ హ్యూ తన ఆస్తిని, పుస్తకాలను తీసుకుని వచ్చి చేరాడు. దాంతో మఠం నిలదొక్కుకుంది.

ఆ తర్వాతి ఎదుగుదల చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1138లో తొలి శాఖా మఠం న్యూమిన్‌స్టర్‌. ఆపైన కిర్క్‌స్టెడ్‌, వోబర్న్‌, మరికొన్ని. 1146లో సముద్రం దాటి నార్వేలోని బెర్గెన్‌ దగ్గర లీసే మఠం. లీడ్స్‌ నగరంలో ఉంటున్న తెలుగువాళ్లకు పార్కు మధ్యలో నల్లబారిన కిర్క్‌స్టాల్‌ శిథిలాలు పరిచయమే. అదీ ఫౌంటెన్స్‌ నుంచి బయల్దేరిన సన్యాసులు కట్టిందే.

ఎదుగుదలతోపాటు శత్రువులూ పెరిగారు. యార్క్‌ ఆర్చిబిషప్‌ ఎన్నిక విషయంలో మఠాధిపతి హెన్రీ మర్డాక్‌ విలియం ఫిట్జ్‌హెర్బర్ట్‌ను గట్టిగా వ్యతిరేకించాడు. 1147లో విలియం అనుచరులు మర్డాక్‌ కోసం మఠం మీద పడి నిప్పు పెట్టారు. ఆయన దొరకలేదు కానీ కట్టడాలు కాలిపోయాయి. అదే ఏడాది మర్డాక్‌ ఆర్చిబిషప్‌ అయ్యాడు. ఫిట్జ్‌హెర్బర్ట్‌ మాత్రం మరణానంతరం 1226లో పునీతుడిగా గుర్తింపు పొందాడు. ఇవాళ మనం చూసే రాతి కట్టడాల్లో ఎక్కువ భాగం ఆ మంటల తర్వాత లేచినవే.

గడ్డాల సోదరులు

సొంత చెమటతో బతకాలన్నది ఆదర్శం. కానీ సన్యాసి రోజులో అర్ధరాత్రి దాటాక లేచి మొదలుపెట్టాల్సిన ప్రార్థనలు ఎనిమిది ఉన్నాయి. అవికాక చదువు, ధ్యానం. కొండల మీద గొర్రెలు కాస్తూ గంట కొట్టగానే చర్చికి రావడం ఎవరికీ సాధ్యం కాదు. ఈ చిక్కుముడికి సిస్టర్షియన్లు కనిపెట్టిన పరిష్కారం ‘కాన్వర్సీ’. శ్రామిక సోదరులు అనుకోవచ్చు.

వీళ్లలో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చిన రైతులు, కూలీలు, చేతిపనివాళ్లు. ఏడాది పరీక్షాకాలం తర్వాత సన్యాసుల్లాగే బ్రహ్మచర్యానికి, విధేయతకు ప్రమాణం చేసేవారు. అయితే గీత గీసినట్టు తేడాలుండేవి. సన్యాసికి గడ్డం ఉండదు, వీళ్లు గడ్డం పెంచేవారు. సన్యాసి లాటిన్‌ కీర్తనలు పుస్తకం చూసి పాడేవాడు. వీళ్లు ముఖ్యమైన కొన్ని ప్రార్థనలు కంఠస్థం చేస్తే చాలు, పుస్తకం పట్టుకోకూడదు. శ్రామిక సోదరుడు ఎంత భక్తిపరుడైనా, ఎంత సమర్థుడైనా సన్యాసి కాలేడు. చర్చిలో కూడా తూర్పు భాగం సన్యాసులది, పడమటి భాగం వీళ్లది. మధ్యలో అడ్డుగోడ ఉండేది.

వీళ్ల సంఖ్య సన్యాసుల కంటే చాలా ఎక్కువ. పొరుగున ఉన్న రీవోలో ఆల్‌రెడ్‌ అధిపతిగా ఉన్నప్పుడు సన్యాసులు 140మంది, శ్రామిక సోదరులు, పనివాళ్లు కలిపి 500మంది అని ఆయన జీవితచరిత్ర రాసిన వాల్టర్‌ డేనియల్‌ లెక్క చెప్పాడు. ఫౌంటెన్స్‌లో గోదాము మీది పడకగది పొడవు చూస్తేనే ఇక్కడా పరిస్థితి అదేనని అర్థమవుతుంది. ఆ కట్టడం దక్షిణపు కొస స్కెల్‌ నదిని దాటుకుని ముందుకు సాగుతుంది. కింద రాతి కమానుల గుండా నది పారుతుంది. సోదరుల మరుగుదొడ్లను కూడా ప్రవాహం మీదే కట్టారు. అంతమంది ఒకేచోట ఉండాలంటే నీటిని ఎలా వాడుకోవాలో ముందే లెక్కగట్టారన్నమాట. అదే నీరు పన్నెండో శతాబ్దపు పిండిమరను తిప్పింది. ఆ మర ఇరవయ్యో శతాబ్దం దాకా పనిచేసింది. ఇప్పటికీ చూడవచ్చు.

ఆ మనుషులు ఎందుకు వచ్చి చేరారు? భక్తి ఒక కారణం. పూట గడవడం ఇంకో కారణం. మంచి చావు, చనిపోయాక తన ఆత్మ కోసం ప్రార్థించే బృందం, ముసలితనంలో రోగుల గదిలో ఒక మంచం... ఆనాటి పేద రైతుకు ఇవి చిన్న విషయాలు కావు. అన్నదమ్ముల్లో భూమి దక్కనివాడికి ఇదొక గౌరవమైన దారి కూడా.

గొర్రెల మందలు, ఉన్ని మూటలు

దాతలిచ్చిన బంజరు కొండలు, పచ్చిక మైదానాలు మఠం చేతికి వచ్చాయి. వాటిని ‘గ్రేంజ్‌’లుగా, అంటే మఠం సొంత కమతాలుగా విడగొట్టారు. ఒక్కో గ్రేంజ్‌లో కొందరు శ్రామిక సోదరులు ఉండి సేద్యం, పశుపోషణ చూసుకునేవారు. మఠానికి ఒక్క రోజు ప్రయాణంలో ఉండేలా కమతాలను ఏర్పరచాలన్నది సిస్టర్షియన్ల నియమం. ఫౌంటెన్స్‌ భూములు ఆ హద్దు దాటి పడమట లేక్‌ డిస్ట్రిక్ట్‌ దాకా వ్యాపించాయి.

అసలు సంపద గొర్రెలే. కిల్న్సే గ్రేంజ్‌లో ఉన్ని కత్తిరింపు జరిగేది. అక్కడి నుంచి మాలం కొండల మీదుగా మందలను తోలిన బాట ఇవాళ ‘మాస్టిల్స్‌ లేన్‌’. పాదచారులు ఇష్టపడే దారి. దానికి ఉత్తరాన ఉన్న ‘ఫౌంటెన్స్‌ ఫెల్‌’ అనే కొండ పేరులో ఈ మఠమే ఉంది.

పద్నాలుగో శతాబ్దం మొదట్లో ఫ్లారెన్స్‌ వర్తకుడు పెగొలొట్టి వ్యాపారుల కోసం ఒక కరదీపిక రాశాడు. ఇంగ్లండ్‌లో ఏ మఠం దగ్గర ఎంత ఉన్ని దొరుకుతుందో అందులో జాబితా వేశాడు. ఫౌంటెన్స్‌ పేరు పక్కన ఏడాదికి 76 బస్తాలని ఉంది. అప్పటి బస్తా అంటే 364 పౌండ్లు, సుమారు 165 కిలోలు. ఒక బస్తా నిండాలంటే రెండు వందలకు పైగా గొర్రెల ఉన్ని కావాలి. ఆ లెక్కన మఠం మందల్లో పదిహేను వేలకు తక్కువ ఉండవు. ఈ ఉన్ని ఓడలెక్కి ఫ్లాండర్స్‌, ఇటలీ మగ్గాలకు చేరేది. 1193లో సింహహృదయ రిచర్డ్‌ రాజును జర్మనీ చెర నుంచి విడిపించడానికి సొమ్ము కావాల్సివచ్చినప్పుడు ఇంగ్లండ్‌ సిస్టర్షియన్ల ఏడాది ఉన్ని మొత్తాన్ని జమకట్టుకున్నారు. రాజు తలకు వెలకట్టే స్థాయికి చేరింది ఆ ఉన్ని.

కడుపు కాలి చెట్టు కింద ఆకులు తిన్నవాళ్ల వారసులు నూరేళ్లు తిరక్కుండానే ఐరోపా మార్కెట్లో పెద్ద వ్యాపారులయ్యారు. దీన్ని ఆదర్శం నుంచి పతనమని కొట్టిపారేయడం తేలిక. నిజానికి వాళ్ల నియమమే వాళ్లను అటు నడిపించింది. అద్దెలు తీసుకోకుండా సొంత శ్రమ మీద బతకాలి. విలాసాలకు ఖర్చు చేయకూడదు. జీతం అడగని వందల చేతులు ఉన్నాయి. మిగులు పేరుకోకుండా ఎలా ఉంటుంది? ఆ మిగులుతోనే పదమూడో శతాబ్దంలో చర్చి తూర్పు కొసన తొమ్మిది బలిపీఠాల ప్రార్థనాలయం లేచింది. నాజూకైన పొడవాటి స్తంభాలతో, ఆకాశాన్ని లోపలికి పిలిచే కిటికీలతో. తొలి సన్యాసులు చూస్తే అభ్యంతరం చెప్పేవారేమో!

చెమట వాసన

ఫౌంటెన్స్‌ అనగానే ప్రశాంతమైన లోయ, మౌనంగా నడిచే తెల్ల అంగీలు మనసులో మెదులుతాయి. ఈ ఊహను బ్రాడ్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాల్గొన్న సర్వేలు తలకిందులు చేశాయి. భూమిలోకి రాడార్‌ తరంగాలు పంపి, తవ్వకుండానే కింద ఏముందో చూసే పద్ధతి ఇది. మఠం శ్మశానవాటికలో ఐదు వందలకు పైగా సమాధులు వరసల్లో బయటపడ్డాయి. నదికి దగ్గర్లో పెద్ద కట్టడాల పునాదులు, నీటి తొట్లు కనిపించాయి. అది తోళ్లు ఊనే కార్ఖానా అని 2021లో ప్రకటించారు. బ్రిటన్‌లో ఇప్పటిదాకా బయటపడిన మఠాల తోళ్ల కార్ఖానాల్లో అదే పెద్దది.

తోళ్లు ఊనే చోట వాసన ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. సున్నం, పచ్చి చర్మాలు, నానబెట్టిన బెరడు, కుళ్లు. అలాంటి పని ప్రార్థనాలయానికి ఇంత దగ్గరగా జరిగిందంటే మఠం ఎంత పెద్ద పనిశాలో ఊహించవచ్చు. గ్రంథాలు రాసుకునే తోలుపత్రాలు, చెప్పులు, గుర్రపు జీన్లు, పడకలు... అన్నిటికీ తోలు కావాలి. పవిత్ర గ్రంథంలోని ప్రతి పుటా ముందు ఎవరో ఒకరి చేతుల్లో సున్నపు నీళ్లలో నానిన చర్మమే.

ఆ చేతులు పల్చబడ్డాక

పదమూడో శతాబ్దం చివరికి బీటలు కనిపించాయి. ఉన్నిని కొన్నేళ్ల ముందే వర్తకులకు అమ్మేసి సొమ్ము తెచ్చుకోవడం మఠానికి అలవాటైంది. గొర్రెలకు గజ్జి సోకింది. ఒప్పుకున్న బస్తాలు ఇవ్వలేకపోయారు. అప్పులు కొండలా పెరిగి, రాజు తన మనిషిని పర్యవేక్షకుడిగా పెట్టాల్సి వచ్చింది. ఆపైన 1315 నుంచి కరువు. 1318లో స్కాట్లాండ్‌ సేనలు రిపన్‌ దాకా వచ్చి కొల్లగొట్టాయి. 1349లో ప్లేగు ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది.

ప్లేగు తర్వాత కూలీలకు కరువొచ్చింది, కూలి రేట్లు పెరిగాయి. బయట భూమి దొరుకుతోంది, జీతం దొరుకుతోంది. జీవితాంతం చదువు లేకుండా, పెళ్లి లేకుండా కొండల మీద మఠం గొర్రెలు కాయడానికి ఎవరొస్తారు? పద్నాలుగో శతాబ్దం చివరికి శ్రామిక సోదరులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. గ్రేంజ్‌లను కౌలుకిచ్చారు. ఏ అద్దెల మీద బతకకూడదని తొలి తరం చెట్టు కిందికి వెళ్లిందో, ఆ అద్దెలే ఇప్పుడు ఆధారమయ్యాయి. మఠం సంపన్నంగానే ఉంది. దాని పుట్టుకకు కారణమైన ఆలోచన మాత్రం సోదరులతోపాటే వెళ్లిపోయింది.

1495 నుంచి 1526 వరకు అధిపతిగా ఉన్న మార్మడ్యూక్‌ హ్యూబీ సమర్థుడు. తగ్గిపోయిన సన్యాసుల సంఖ్యను రెట్టింపుకు పైగా పెంచాడు. మఠం సంతకంగా మిగిలిన ఆ మహా గోపురం కట్టించింది ఆయనే. రాతి గంటల గోపురాలు కట్టరాదన్నది సిస్టర్షియన్ల పాత నిషేధం. దాన్ని అందరూ మరిచిపోయారనడానికి ఆ గోపురమే సాక్షి.

1535లో రాజు కోసం చేసిన మదింపులో ఫౌంటెన్స్‌ ఏడాది ఆదాయం సుమారు 1,115 పౌండ్లుగా తేలింది. పోపుతో తెగతెంపులు చేసుకున్న ఎనిమిదో హెన్రీకి, ఆయన మంత్రి థామస్‌ క్రామ్‌వెల్‌కు మఠాల ఆస్తుల మీద కన్నుపడింది. 1536లో ఉత్తరాది ప్రజలు మఠాల తరఫున తిరగబడ్డారు. మాజీ మఠాధిపతి విలియం థర్స్క్‌ను ఆ తిరుగుబాటు కేసుల్లోనే 1537లో లండన్‌లో ఉరితీశారు. 1539 నవంబరు 26న చివరి అధిపతి మార్మడ్యూక్‌ బ్రాడ్లీ లొంగుబాటు పత్రం మీద సంతకం చేశాడు. ఆయనకు ఏడాదికి వంద పౌండ్ల పింఛను ఇచ్చారు. మరుసటి ఏడాది లండన్‌ వర్తకుడు సర్‌ రిచర్డ్‌ గ్రెషమ్‌ మఠాన్ని కొన్నాడు. పైకప్పు సీసం ఊడదీశారు. గాజు, కలప, రాయి అమ్ముడుపోయాయి. ఆ రాళ్లతోనే పదహారో శతాబ్దం చివర్లో పక్కనే ఫౌంటెన్స్‌ హాల్‌ అనే భవనం లేచింది.

కూలనివ్వని తోట

తర్వాత ఈ శిథిలాలను కాపాడింది ఒక తోట. 1720 నాటి సౌత్‌ సీ కంపెనీ షేర్ల కుంభకోణంలో ఆర్థికమంత్రి జాన్‌ ఐస్లబీ పదవి పోగొట్టుకుని, కొంతకాలం లండన్‌ టవర్‌లో ఖైదీగా ఉన్నాడు. బయటికొచ్చాక మఠానికి పక్కనే ఉన్న తన స్టడ్లీ రాయల్‌ ఎస్టేట్‌లో స్కెల్‌ నదిని మలిచి అద్దాల్లాంటి చెరువులు, కాలువలు, చిన్న ఆలయాలతో నీటి ఉద్యానం తీర్చిదిద్దాడు. కొడుకు విలియం 1767లో 18 వేల పౌండ్లకు మఠాన్ని కొని, తోటకు ముగింపు దృశ్యంగా కలిపాడు. రాళ్లకోసం పీకేయడం అప్పటితో ఆగింది. 1983లో మఠం వారసత్వ సంరక్షణ సంస్థ నేషనల్‌ ట్రస్ట్‌ చేతికి వచ్చింది. 1986లో స్టడ్లీ రాయల్‌ పార్కుతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఇప్పటి బెంగ నీటిదే. స్కెల్‌కు వరదలొచ్చిన ప్రతిసారీ మఠం గోడల్లోకి నీరు చేరుతుంది, తోట చెరువుల్లో ఒండ్రు మేట వేస్తుంది. గోడలకు మరమ్మతు చేస్తే సరిపోదని గ్రహించి, లోయ పైభాగంలోని రైతులతో కలిసి చెట్లు నాటుతున్నారు, కుంటలు తవ్వుతున్నారు, వాన నీటి వేగం తగ్గిస్తున్నారు. నదిని నమ్ముకుని పుట్టిన కట్టడాన్ని కాపాడాలంటే నదిని మొదటి నుంచీ చూసుకోవాలన్న ఆలోచన ఇది. వారసత్వ సంరక్షణలో చాలా దేశాలు నేర్చుకోవాల్సిన పాఠం.

మరికొన్ని చోట్ల తెల్ల సన్యాసుల అడుగుజాడలు

ఫాంటెనే, ఫ్రాన్స్‌: బెర్నార్డు 1118లో స్థాపించిన మఠం. నీటి శక్తితో సమ్మెట ఆడించిన ఇనుప కొలిమి కట్టడం ఇక్కడి ప్రత్యేకత.

మౌల్‌బ్రోన్‌, జర్మనీ: 1147లో మొదలైంది. మత సంస్కరణ తర్వాత బడిగా మారింది. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్‌, రచయిత హెర్మన్‌ హెస్సే ఇక్కడి విద్యార్థులు.

అల్కొబాసా, పోర్చుగల్‌: 1153లో మొదలైంది. పెద్రో రాజు, ఆయన ప్రియురాలు ఇనేస్‌ల సమాధులు ఇక్కడే ఉన్నాయి.

కురిసుమల, కేరళ: వాగమన్‌ కొండల్లో 1958లో ఫ్రాన్సిస్‌ ఆచార్య, బీడ్‌ గ్రిఫిత్స్‌ ప్రారంభించిన ఆశ్రమం. 1998లో సిస్టర్షియన్‌ సంప్రదాయంలో చేరింది. ప్రార్థనతోపాటు పశుపోషణ వీళ్ల జీవితంలో భాగం.

ఎవరి వారసత్వం?

ఫౌంటెన్స్‌ మఠాధిపతుల పేర్లు వరసగా దొరుకుతాయి. హ్యూబీ తన పేరు తొలి అక్షరాలను గోపురం మీదే చెక్కించుకున్నాడు. తరతరాలపాటు ఉన్ని కత్తిరించి, పొలం దున్ని, తోళ్లు ఊని, మర తిప్పిన సోదరుల్లో చాలామంది పేర్లు ఎక్కడా లేవు. వాళ్లకు రాయడం రాదు, రానివ్వలేదు. చరిత్రను రాతను బట్టే లెక్కిస్తే వాళ్లు లేనట్టే.

అందుకే గోదాముకు అంత విలువ. రాడార్‌ కింద కనిపించిన తోళ్ల తొట్లకు, మాలం కొండల మీద మందలు తొక్కి చేసిన బాటకు కూడా అంతే విలువ. చదువురానివాళ్లు వదిలిన దస్తావేజులు ఇవే. సన్యాసుల ఆదర్శం గొప్పదే. కానీ అది నిలబడినన్నాళ్లు నిలబడింది కొందరు ప్రార్థించగలిగేలా మరికొందరు పనిచేసినందువల్ల. ఆ రెండోవాళ్లు తప్పుకున్న రోజున మఠం గోడలు మిగిలాయి, మఠం మారిపోయింది. హెన్రీ రాజు పంపిన అధికారులు మూసేసినది అప్పటికే సగం ఖాళీ అయిన ఆదర్శాన్ని.

యార్క్‌షైర్‌ వైపు వెళ్లే అవకాశమొస్తే గోపురం ఫొటో తప్పకుండా తీసుకోండి. తర్వాత పడమటి గోదాము ఈ కొస నుంచి ఆ కొస దాకా నెమ్మదిగా నడవండి. ఎక్కడ ఏ ప్రాచీన కట్టడం ముందు నిలబడినా దీన్ని కట్టించింది ఎవరని అడగడం మనకు అలవాటు. ఇందులో ఉన్నవాళ్లకు అన్నం పండించింది ఎవరని కూడా అడగడం ఫౌంటెన్స్‌ నేర్పుతుంది. ఆ ప్రశ్న వేసినవాళ్లకే కట్టడం పూర్తిగా కనిపిస్తుంది.